మూడింట రెండు వంతుల మెట్టు

కొన్ని కోరికలు అవసరాల వేషం వేసుకొని వస్తాయి. గత రెండు నెలలుగా నన్ను పట్టి పీడించినది అటువంటిదే.

నా దగ్గర ఒక కటకం ఉంది. యాభై మిల్లీమీటర్లది, ఎఫ్/1.8. జూమ్ చేయడానికి వీలులేని, ఒకే చూపు గల ప్రైమ్ లెన్సు. 2009లో నికాన్ డి90 కెమెరాతో పాటు ఆరువేల చిల్లర పెట్టి కొన్నాను. దానికి అన్నగారి వంటిది మరొకటుంది. అదీ యాభై మిల్లీమీటర్లదే, కాకపోతే ఎఫ్/1.4. కోఠీలో పాత కెమెరాలమ్మే ఒక దుకాణంలో, అద్దాల బీరువాలో రెండవ అరన కూర్చుని, నేను వెళ్ళిన ప్రతిసారీ నావంక చూస్తూ ఉంది. ఎవరో వాడి అమ్మినదే అయినా పద్నాలుగు వేలు చెప్పారు. కొనాలా, వద్దా?

ఇంత చిన్న ప్రశ్నకు ఇంత పెద్ద వ్యాసమా అని మీరు నవ్వుకోవచ్చు. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. కాగితమూ కలమూ తీసుకొని కూర్చుంటే అరగంటలో తేలిపోయే వ్యవహారమనుకున్నాను. కూర్చున్నాను కూడా. లెక్క తేలింది గానీ, దానితో పాటు నేను లెక్కలోకి తీసుకోనివి మరికొన్ని పైకి తేలాయి. అవి చెప్పడానికే ఇదంతా.

కెమెరాలతో పరిచయం లేనివారి కోసం ముందుగా రెండు ముక్కలు. (లెక్కలంటే గిట్టనివారు ఈ ఒక్క పేరా దాటవేయవచ్చు, నేనేమీ అనుకోను.) కటకపు నాభ్యంతరాన్ని ఆ ఎఫ్ పక్కనున్న అంకెతో భాగిస్తే, వెలుతురు లోపలికి వచ్చే రంధ్రపు వ్యాసం వస్తుంది. యాభైని 1.8తో భాగిస్తే దాదాపు 28 మిల్లీమీటర్లు, 1.4తో భాగిస్తే దాదాపు 36. అంటే అంకె చిన్నదయ్యేకొద్దీ వాకిలి పెద్దదవుతుంది. వెలుతురు వ్యాసాన్ని బట్టి కాక వైశాల్యాన్ని బట్టి వస్తుంది గనుక, రెండవదానిలోంచి సుమారు 1.65 రెట్ల వెలుతురు వస్తుంది. వెలుతురు రెట్టింపైతే దానిని ఒక స్టాపు అంటారు. నేను మెట్టు అంటాను. 1.8కీ 1.4కీ నడుమనున్నది మూడింట రెండు వంతుల మెట్టు. షట్టరును సెకనులో ముప్ఫయ్యవ వంతు సేపు తెరచి ఉంచవలసిన చోట, యాభయ్యవ వంతు చాలును. ఫాస్ట్ లెన్సు అని దీనిని పిలవడం అందుకే. వేగం నిజానికి కటకానిది కాదు, దాని దయవలన షట్టరుకు కలిగేది.

అంతే. ఆ మాత్రపు వేగానికి, నా దగ్గరున్నదానికి నేను పెట్టిన ధరకు రెట్టింపుపైన.

బుద్ధిమంతుడెవరైనా ఇక్కడితో ఆగిపోతాడు. నేను ఆగకపోవడానికి కారణం 2010 నాటి ఒక బొమ్మ.

* * *

నాన్నగారు ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేసి విరమించారు. ఆ ఏడు కార్తీక పౌర్ణమికి నేను కెమెరా మెడలో వేసుకొని తెనాలి వెళ్ళాను. సాయంత్రం వసారాలో పడక కుర్చీలో కూర్చుని ఆయన కెమెరా చేతిలోకి తీసుకొని, ముక్కు మీది కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కటకం చుట్టూ ఉన్న ఉంగరాన్ని చదవనారంభించారు. ఆ కటకం పాతకాలపు పద్ధతిది. దాని ఒంటిమీద అంకెలు చెక్కి ఉంటాయి. 22, 16, 11, 8, 5.6, 4, 2.8, 1.8.

"ఏమిట్రా ఈ అంకెలు?"

వెలుతురు వచ్చే రంధ్రపు కొలతలనీ, ఒక్కొక్క అంకె జరిగినప్పుడల్లా వెలుతురు సగమో రెట్టింపో అవుతుందనీ చెప్పాను. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు.

"ఒకటి విడిచి ఒకటి చూడు. 16, 8, 4. మళ్ళీ 22, 11, 5.6, 2.8. సగానికి సగం అవుతున్నాయి. అంటే పక్కపక్క అంకెల నడుమనున్నది రూట్ రెండు. వైశాల్యం రెట్టింపు కావాలంటే వ్యాసం రూట్ రెండు రెట్లు కావాలి గదా! గుణశ్రేఢిరా ఇది!"

నేను ఏడాదిపాటు పుస్తకాలలో చదివి, కారణమడగకుండా బట్టీ పట్టిన వరుస అది. ఆయన ఒక్క నిమిషంలో దాని పునాదిరాయి బయటికి తీశారు. అంతటితో ఊరుకోలేదు.

"అయితే 2.8 తరవాత 2 రావాలి. ఆ తరవాత 1.4 రావాలి. ఈ 1.8 ఎక్కణ్ణించి వచ్చిందిరా? ఇది ఈ వంశంలో పిల్ల కాదే!"

నాకు తెలియదు. "తరవాత చూసి చెబుతాలెండి" అని కెమెరా తీసేసుకున్నాను. తొందర ఎందుకంటే, తులసికోట దగ్గర అమ్మ మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించబోతోంది. ఆ వత్తుల కట్ట నేతిలో తడిసి, అంటుకొని, నిలువెత్తు జ్వాలగా లేచేది కొద్ది నిమిషాలే. ఆ వెలుగు వసారాలోకి వచ్చి నాన్నగారి ముఖం మీద పడింది. వెనుకనున్న గోడా, పంచాంగం వేలాడే మేకూ, అన్నీ చీకటిలో కలిసిపోయి ఆయన ముఖమొక్కటే బంగారు రంగులో నిలిచింది.

"కనబడుతోందిట్రా? లైటు వెయ్యనా?" అంది అమ్మ.

"వద్దమ్మా! ట్యూబులైటు వేశావంటే అందమంతా పోతుంది" అన్నాను.

స్తంభానికి ఆనుకొని, ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. సరిగా ఆ క్షణంలోనే నాన్నగారు చెయ్యెత్తి, నావైపు తిరిగి, "ఒరేయ్, అదీ..." అన్నారు. ఆయన ఇంకా 1.8 దగ్గరే ఉన్నారన్నమాట. ఆ మాట పూర్తి కాకముందే పక్కింటివారు ప్రసాదం పట్టుకొచ్చారు. మాట మరోవైపు వెళ్ళిపోయింది. మర్నాడు ఉదయం బండికి నేను హైదరాబాదు వచ్చేశాను. 2011 వేసవిలో ఆయన పోయారు.

ఆయన ఒక్కరే ఉన్న బొమ్మలలో చివరిది అదే. అందులో జ్వాల వెలుగు బాగుంది. కుర్చీ చెయ్యి స్పష్టంగా ఉంది. అల్లిక ఊడిన పేము పోగులు సైతం లెక్కపెట్టవచ్చు. ముఖముండవలసిన చోట మాత్రం, తడి రంగు మీద ఎవరో చేతిగుడ్డతో తుడిచినట్లు ఒక పసుపుపచ్చని చార.

అప్పటినుంచీ మనసులో ఒక మూల ఒక మాట ఉండిపోయింది: ఆ రోజు నా దగ్గర ఎఫ్/1.4 ఉండి ఉంటే?

మొన్న కోఠీ దుకాణంలో ఆ కటకాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, దాని ఉంగరం మీది అంకెలు చదివాను. 16, 11, 8, 5.6, 4, 2.8, 2, 1.4. నాన్నగారు చెప్పిన వరుస, ఎక్కడా మెట్టు తప్పకుండా. వంశంలో పిల్ల. దుకాణదారుకు నేనెందుకు అంతసేపు దానివంక చూస్తున్నానో అర్థం కాలేదు. "లోపల ఫంగస్ గింగస్ ఏం లేదు సార్, చూసుకోండ్రి" అన్నాడు పాపం.

* * *

వేగం కోసం డబ్బు పోయడం ఈనాటి జబ్బు కాదు. అసలు ఛాయాచిత్రకళ పుట్టినప్పుడు మనిషి ముఖం దానికి అందలేదు. 1839లో దగేర్ పద్ధతి లోకానికి తెలిసేనాటికి దానికి వాడిన కటకం ఎంత మందకొడిదంటే, బొమ్మ పడడానికి నిమిషాల కొద్దీ కాలం పట్టేది. మేడలూ మిద్దెలూ అయితే ఓపికగా నిలబడతాయి, మనుషులు నిలబడరు గదా! ఆ చిక్కును విడదీసినవాడు వియన్నా విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు జోసెఫ్ పెట్స్వాల్. 1840లో ఆయన లెక్కగట్టి రూపొందించిన కటకం సుమారు ఎఫ్/3.6. అది అంతకుముందు దానికంటె పదిహేను రెట్లకు పైగా వెలుతురు తెచ్చింది. నిమిషాలు సెకన్లయ్యాయి. మనుషుల ముఖాలు పలకల మీదికి రావడం మొదలుపెట్టాయి. ఒక లెక్కల మాస్టారు చేసిన మేలది. ఈ సంగతి నాన్నగారికి చెప్పి ఉంటే ఎంత మురిసిపోయేవారో.

కానీ గమనించండి: పెట్స్వాల్ ఇచ్చినది పదిహేను రెట్లు. కోఠీ బీరువాలోనిది నాకిచ్చేది ఒకటీ ముప్పాతిక రెట్లు కూడా లేదు. మెట్లెక్కేకొద్దీ మెట్టు ఎత్తు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. అందుకు కారణముంది. రంధ్రం పెద్దదయ్యేకొద్దీ కటకపు అంచుల గుండా వచ్చే కిరణాలు మధ్యనుంచి వచ్చేవాటితో ఒకచోట కలవమని మొరాయిస్తాయి. దానిని గోళాకార దోషమంటారు. దానివలన పుట్టే మసక, రంధ్రపు వ్యాసపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే నమూనా కటకాన్ని 28 నుంచి 36 మిల్లీమీటర్లకు విప్పితే వెలుతురు 1.65 రెట్లే పెరుగుతుంది, మసక మాత్రం రెట్టింపు దాటుతుంది. దానిని సర్దడానికి మరొక గాజుబిళ్ళ చేర్చాలి. నా 1.8లో ఆరు బిళ్ళలుంటే ఆ 1.4లో ఏడున్నాయి. బిళ్ళలూ పెద్దవే. బరువు 155 గ్రాముల నుంచి 230 గ్రాములకు పెరిగింది.

అలాగని ధర ఎప్పుడూ వేగానికే పెడతామనుకోవడమూ పొరబాటే. అదే సంస్థ తన కొత్త అద్దంలేని కెమెరాల కోసం 2018లో తెచ్చిన 50 మి.మీ. ఎఫ్/1.8 అమెరికాలో విడుదలైనప్పటి ధర సుమారు 600 డాలర్లు. 2024లో తెచ్చిన ఎఫ్/1.4 ధర సుమారు 500. వేగం తక్కువదానికే ఖరీదెక్కువ! అంచులదాకా నిగ్గుతేలిన స్పష్టతకు అక్కడ ధర కట్టారు, వెలుతురుకు కాదు. కాబట్టి అంకె చూసి గొప్ప నిర్ణయించడం, మార్కులు చూసి అల్లుణ్ణి నిర్ణయించడం వంటిదే.

* * *

ఇంతకాలం నేను చేయని పని ఒకటి ఆ రాత్రి చేశాను. ప్రతి డిజిటల్ బొమ్మ కడుపులోనూ దాని జాతకం దాగి ఉంటుంది. ఏ కటకం, ఎంత రంధ్రం, షట్టరు ఎంతసేపు, ఐ.ఎస్.ఓ. ఎంత, ఏ రోజు, ఏ ఘడియ, అన్నీ. నా 1.8తో తీసిన బొమ్మలన్నీ వరుసలో పెట్టాను. మొత్తం 3,846. వాటిలో రంధ్రాన్ని పూర్తిగా విప్పి, 1.8 దగ్గర తీసినవి 702. అంటే అయిదింట నాలుగు వంతులకు పైగా బొమ్మలకు, ఉన్న వేగమే నేను పూర్తిగా వాడుకోలేదు.

ఆ 702లో చెడిపోయినవాటిని ఏరి, చెడిపోవడానికి కారణం రాసుకున్నాను. కదలికవలన పోయినవి 164. ఫోకస్ తప్పి పోయినవి 97. ఈ తొంభై ఏడింటి సంగతి ముందు చెప్పాలి. రంధ్రం పెద్దదైతే స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. నా కెమెరాలో, మనిషి అయిదడుగుల దూరంలో ఉంటే, 1.8 దగ్గర ఆ లోతు సుమారు ఆరున్నర సెంటీమీటర్లు, 1.4 దగ్గర అయిదు. కనుక ఆ తొంభై ఏడింటికీ కొత్త కటకం మందు కాదు, పైపెచ్చు రోగం.

ఇక 164. మూడింట రెండు వంతుల మెట్టు దొరికితే కదలిక చార పొడవు నూటికి నలభై పాళ్ళు తగ్గుతుంది. అంటే కొద్దిగా కదిలినవి బతుకుతాయి, బాగా కదిలినవి బతకవు. ఒక్కొక్కదాన్నే పెద్దది చేసి, చార పొడవు కొలిచి, బతికేవాటిని పక్కకు తీశాను. రాత్రి రెండు దాటేసరికి 21 తేలాయి. మా అన్నయ్య కూతురి పుట్టినరోజు కేకు. రవీంద్రభారతిలో ఒక నాట్య ప్రదర్శన. వాన రాత్రి టీకొట్టు. ఇటువంటివి.

ఆ ఇరవై ఒకటిలో నాన్నగారు లేరు.

ఉండాలని ఎంత కోరుకున్నానో ఆ క్షణంలోనే తెలిసింది. ఉంటే తప్పు కటకానిదయ్యేది. పద్నాలుగు వేలు ఇచ్చి ఆ తప్పును దిద్దుకొన్నట్లయ్యేది.

ఆ బొమ్మ జాతకం ఇదీ: ఎఫ్/1.8, సెకనులో పదిహేనవ వంతు, ఐ.ఎస్.ఓ. 400. 1.4 ఉండి ఉంటే పదిహేనవ వంతు కాస్తా ఇరవై అయిదవ వంతు అయ్యేది. చెయ్యెత్తి, తల తిప్పి మాట్లాడుతున్న మనిషిని నిలపడానికి అది చాలదు. కనీసం నూట ఇరవై అయిదవ వంతైనా కావాలి. అంటే మూడు మెట్లు. ఎనిమిది రెట్ల వెలుతురు. అన్నట్టు, ప్రపంచంలో యాభై మిల్లీమీటర్ల ఎఫ్/0.7 కటకమొకటి ఉంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం జైస్ వారు పదే పది తయారుచేశారు. వాటిలో మూడింటిని దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ సంపాదించి, 1975లో వచ్చిన "బ్యారీ లిండన్"లో కొవ్వొత్తుల వెలుగులో దృశ్యాలు తీశాడు. ఆ కటకంతోనైనా నటులు పెద్దగా కదలకుండా కూర్చోవలసి వచ్చింది. అంతటి కటకం ఆనాడు మా తెనాలి వసారాలో నా చేతిలో ఉన్నా, నాకు అందేది 6.6 రెట్ల వెలుతురు. సెకనులో నూరవ వంతు దగ్గర ఆగిపోయేది. చంద్రుడి కోసం చేసిన కటకం కూడా నాన్నగారి ముఖం దగ్గరకొచ్చేసరికి ఒక అడుగు వెనకపడేది.

మరి దారే లేదా? ఉంది. రెండున్నాయి. ఆ కెమెరాలోనే ఐ.ఎస్.ఓ.ను 400 నుంచి 3200కు పెంచుకోవచ్చు. సరిగ్గా మూడు మెట్లు. కానీ ఖర్చు లేదు. బొటనవేలు ఒకసారి తిప్పితే సరి. బొమ్మ మీద ఇసుక చల్లినట్లు నలుసులు వస్తాయని నేను పెంచలేదు. ఆ రోజులలో నలుసు లేని బొమ్మ తీయడమే పెద్ద విద్య అనుకొనేవాణ్ణి. ఇసుక చల్లిన నాన్నగారి ముఖమైతే ఈనాడు నాకుండేది. నలుసు లేని చార మిగిలింది.

రెండవ దారి అమ్మ అడిగింది. లైటు వెయ్యనా అని.

ఆ రాత్రే ఆయన ప్రశ్నకు జవాబు కూడా కాగితం మీద వేశాను. 1.4కూ 2కూ నడుమనున్న మెట్టును మూడు సమానమైన చిన్న మెట్లుగా కోస్తే 1.4, 1.6, 1.8, 2 వస్తాయి. రెండు అనే సంఖ్యకు ఆరింట అయిదవ ఘాతం. 1.78. దానినే గుండ్రం చేసి 1.8 అన్నారు. వంశంలో పిల్లే నాన్నగారూ, కాకపోతే మెట్టు మీద కాక మెట్ల నడుమ పుట్టింది. చిన్న గాజుతో, తక్కువ ఖర్చుతో, నాబోటి జీతగాళ్ళకు అందుబాటులో ఉండడానికి పుట్టింది. జవాబు దాదాపు పదిహేనేళ్ళు ఆలస్యమైంది. ఆయన చెయ్యెత్తి "ఒరేయ్, అదీ..." అన్నది బహుశా ఈ జవాబే అయి ఉంటుంది. లెక్కల మాస్టారుకు అంతసేపు అక్కర్లేదు.

* * *

లెక్క తేలిపోయింది గదా, ఇక కోఠీ వైపు పోకుండా ఉండాలి. పోయాను. కోరిక లెక్కలకు లొంగేదైతే లోకంలో ఇన్ని దుకాణాలుండవు. దుకాణదారు మంచివాడు. "పైసలు కట్టి నాలుగు రోజులు పెట్టుకొని చూడుండ్రి సార్. నచ్చకుంటె వాపసు తెండ్రి, పైసలు ఇచ్చేస్త" అన్నాడు. కార్తీక మాసం. కటకం సంచిలో వేసుకొని తెనాలి బండెక్కాను.

అమ్మకిప్పుడు డెబ్బై ఎనిమిది. రెండు కళ్ళకూ శుక్లాలు తీయించాము. అయినా మసక వెలుతురులో ఆమెకు సరిగా ఆనదు. వయసు మీదపడేకొద్దీ చీకటిలో కంటిపాప పూర్తిగా విచ్చుకోదు. యౌవనంలో ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకొనేది వార్ధక్యంలో అయిదు దగ్గరే ఆగిపోతుందనుకుంటే, కంటిలోకి వెళ్ళే వెలుతురు సగమవుతుంది. ఒక మెట్టు. నేను మూడింట రెండు వంతుల మెట్టు కోసం పద్నాలుగు వేలు చేతబట్టుకొని తిరుగుతుంటే, అమ్మ ఏ సందడీ లేకుండా ఒక పూర్తి మెట్టు పోగొట్టుకొని, గోడ పట్టుకొని నడుస్తోంది.

సాయంత్రం దీపం పెట్టాక అదే వసారాలో కూర్చోబెట్టి బొమ్మలు తీశాను. ఐ.ఎస్.ఓ. ఈసారి మొదటినుంచీ 3200లోనే ఉంచాను. 1.8తో ముప్ఫయ్యవ వంతు, 1.4తో యాభయ్యవ వంతు. రెండింటిలోనూ అమ్మ కదలకుండానే ఉంది. పూర్తిగా విప్పినప్పుడు ఈ 1.4లో కనుబొమల చుట్టూ సన్నటి పొగ వంటి తెల్లదనం కమ్మింది. ఎఫ్/2కు తగ్గిస్తే అది పోయింది, 1.8ని ఎఫ్/2కు తగ్గించినదానికంటె ఒక పిసరు బాగుంది కూడా. వెనకభాగం మరింత మెత్తగా కరిగింది. నేను నిజం చెప్పాలి: అది అందంగా ఉంది. ఆ కరగడం కోసమే మాలో చాలామంది డబ్బు పోస్తారు. దాని కోసం పోయడం తప్పు కూడా కాదు.

మరొక బొమ్మ అనుకోకుండా తీసినది. చీకటి పడ్డాక అమ్మ లేచి వెళ్ళి తనంతట తానే ట్యూబులైటు వేసింది. "ఏమ్మా, ఎందుకు వేశావు?" అంటే, "నీ మొహం కనబడొద్దుట్రా? ఎప్పుడో వస్తావు, వచ్చి కెమెరా వెనకాల దాక్కుంటావు" అంది. అలా అంటుండగానే ఒకటి తీశాను. 1.8 కటకమే, ఎఫ్/4 దగ్గర, సెకనులో యాభయ్యవ వంతు, ఐ.ఎస్.ఓ. 1600. ట్యూబులైటు పాలిపోయిన వెలుగు, గోడ మీద నీడ. పోటీలకు పంపే బొమ్మ కాదు.

రాత్రి భోజనాలయ్యాక మూడూ కంప్యూటర్లో చూపించాను. మొదటి రెండూ పక్కపక్కన పెట్టి, "ఏది బాగుందమ్మా?" అన్నాను. ఆమె కళ్ళజోడు సర్దుకొని చాలాసేపు చూసింది.

"రెండూ ఒకటేగా?"

ఒకటి కాదనీ, ఒకదానిలో వెనకభాగం ఇంకా మెత్తగా ఉందనీ చెప్పాను. "ఏమో నాయనా, నాకు వెనకాల ఏమీ కనబడ్డంలా" అంది. మూడవది పెట్టాను. ఆమె ముందుకు వంగింది.

"ఇదీ. ఇది బాగుంది. ఇందులో నాన్నగారి కుర్చీ వచ్చింది."

నిజమే. ఆమె భుజానికి వెనక, గోడవారగా, పేము అల్లిక సగం ఊడిన ఆ పడక కుర్చీ. మొదటి బొమ్మలో దానిని 1.8 సగం కరిగించింది, చీకటి మిగిలిన సగం మింగింది. రెండవదానిలో 1.4 దానిని పూర్తిగా కరిగించింది. నేను పద్నాలుగు వేలు పెట్టి కొనబోయినది, ఆ కుర్చీని బొమ్మలోంచి తీసివేసే శక్తిని.

* * *

కటకం వాపసు ఇచ్చేశాను. దుకాణదారు ఏమీ అనకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. "నచ్చలేదా సార్?" అని మాత్రం అడిగాడు. "మంచిదే, నాకు పనికిరాదు" అన్నాను. అది మర్యాదకన్న మాట కాదు.

ఈ ప్రశ్నతోనే సతమతమవుతున్న మిత్రులెవరైనా ఉంటే నేను చెప్పగలిగినది ఇంతే. కొనవద్దని చెప్పను. రంగస్థలం మీద నాట్యాన్నీ, అర్ధరాత్రి ముహూర్తాలనూ తీసేవారికి ఆ మూడింట రెండు వంతులు ఒక్కరాత్రిలో పదిసార్లు అక్కరకొస్తాయి; వారి దగ్గర నా ఇరవై ఒకటి ఇన్నూటపది కావచ్చు. వెనకభాగం కరగడమే కావలసినవారికి దాని అందం దానిదే. ముందు మీ పాత బొమ్మల జాతకాలు తిరగేయండి. చెడినవాటిని మూడు రాశులు పోయండి: కొత్త కటకం బతికించేవి, అది కూడా బతికించలేనివి, ఉన్న కెమెరాతోనే, గదిలో ఉన్న దీపంతోనే బతికి ఉండగలిగినవి. మొదటి రాశి పెద్దదైతే నిక్షేపంగా కొనండి. నాకు మూడవ రాశి పెద్దదైంది.

నాన్నగారి బొమ్మను నేను తీసివేయలేదు. సరిచేయడానికి ప్రయత్నించడమూ మానుకున్నాను. ఆ చార పొడవు కూడా కొలిచాను. చెవి నుంచి ముక్కు దాకా, నావైపే ఉంది.

మొన్న ఫోనులో అమ్మ, సంక్రాంతికి వస్తున్నావా అని అడిగింది. వస్తున్నానన్నాను. వసారాలో ట్యూబులైటు మినుకుమినుకుమంటోందట, కొత్తది పట్టుకురమ్మంది. ఎన్ని వాట్లదమ్మా అంటే, "నీ మొహం కనబడేది" అంది.

దానికి మాత్రం బేరమాడలేదు.